బర్రెకు చెప్పినట్టు

మా ఊళ్ళో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవటం మానేశారంటే మధ్యలో మూడో ప్రాణి ఒకటి ఉండి తీరాలి. వీధి చివర పుల్లారావుకీ వాళ్ళ తమ్ముడికీ కుక్క ఉంది. "ఒరేయ్ టైగరూ, ఇయ్యాల మోటారు మా వంతని చెప్పరా" అని అన్న అంటే, "టైగరూ, నిన్న కూడా ఆయనదేనంటగా, అడుగు" అని తమ్ముడంటాడు. కుక్క ఇద్దరి వంకా చూసి తోకాడిస్తుంది. నా గోడ అవతల ఉండే అలివేలమ్మక్క ఇంట్లో ఆ పని బర్రె చేస్తుంది.

నా పేరు శ్రీమన్నారాయణ. మాది ఈపూరు మండలంలో ఒక చిన్న ఊరు. ఇంటి ముందు వసారాలో పాల కేంద్రం నడుపుతాను. పొద్దునా సాయంత్రం ఊరి పాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి, పాలతోపాటు ఊరి తగాదాలూ పోతాయి. నాకు కోపం ఎక్కువని పేరుంది. ఊరికే రాదు నాకు కోపం. చెప్పాల్సిన మాటను చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా ఊరంతా తిప్పేవాళ్ళను చూస్తే వస్తుంది. అంటే రోజూ వస్తుంది.

అలివేలమ్మక్క సొంత అక్కేం కాదు. వరసకు అక్క. ఆమె కాపరానికొచ్చిన కాలంలో అత్త ముందు మొగుడితో మాట్లాడితే సిగ్గులేనిదని పేరు పడేది. పేరు పెట్టి పిలిచే మాట అసలే లేదు. అందుకని ఆమె గొడ్ల సావిడి గుంజ దగ్గర నిలబడి, "ఏమే నల్లదానా, మిరపతోటకు పోయే మనిషి ఒక ముద్ద తిని పోతే బాగుండు" అనేది. మా బావ నాగేశ్వరరావు తలపాగా చుట్టుకుంటూ, "ఆకలి లేదని చెప్పవే" అనేవాడు. ఆ బర్రెతోనే సంసారం చేశారు, కొడుకుని కన్నారు, పొలం కొన్నారు. అత్త పోయినా ఆ అలవాటు పోలేదు. బర్రెలు మారాయి, ఏ బర్రె వచ్చినా దాని పేరు నల్లదే. బావ పోయిన రోజున ఈమె శవం దగ్గర కూర్చోకుండా గొడ్ల సావిడిలోకి పోయి గుంజ పట్టుకుని ఏడ్చింది. "మొగుడు పోతే గొడ్ల దగ్గర కూర్చుందేంది ఈమె" అని చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. నాకూ అర్థం కాలేదు అప్పుడు.

ఆ ఇంటికి అమూల్య కోడలుగా వచ్చింది. ముప్పాళ్ళ ఊరి పిల్ల. ఉన్న మాట మొహాన అంటుంది, తర్వాత మరిచిపోతుంది. వచ్చిన కొత్తలో, "అత్తా, కూరలో ఉప్పెక్కువైందా, నాకు చెప్పు" అని ఎదురుగా నిలబడి అడిగితే, అలివేలమ్మక్క కంగారుపడి సావిడిలోకి పోయేది. కొన్నాళ్ళకు ఒకరికొకరు అలవాటు పడ్డారు. పిల్ల పుట్టింది, ఆ పిల్ల ఇప్పుడు వినుకొండలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ, వరికోత మిషను మీద ఊళ్ళు తిరిగే కొడుకు సుధీర్ బాబూ, ఒక బర్రె.

ఈ ఏడు వేసవిలో ఒక రోజు అందరూ అన్నాలకు కూర్చున్నారు. అమూల్య పంటి కింద రాయి పడింది. బియ్యం ఏరింది అలివేలమ్మక్క. పన్ను జివ్వుమనేసరికి ఆ పిల్ల, "కళ్ళు యాడ పెట్టుకుని ఏరావత్తా" అనేసింది. అంతే. రాయి తీసి పక్కన పెట్టి అన్నం కలుపుకుంది. అలివేలమ్మక్క మాత్రం చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆ రోజు నుంచి కోడలితో మాటల్లేవు. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమేమిటని ఇంట్లో వాళ్ళు తలలు పట్టుకున్నారు.

ఎందుకో నాకు తెలిసింది. వానాకాలం మొదట్లో పొద్దున్నే అలివేలమ్మక్క పాల క్యాను పట్టుకుని వచ్చి, నా బండి మీద ఆరేసిన వానకోటును చూసి, "ఏం పుల్లారావ్, ఇంత పొద్దున్నే వచ్చావ్, మీ ఆవిడ జొరం తగ్గిందా" అని అడిగింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వానకోటు జవాబు చెప్పలేదు. "ఏంది, పలకవు" అని కూడా అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే పోయింది. క్యాను అందుకుంటూ చూశాను, ఆమె బొటనవేలు పాలల్లో ముంచి ఉంది. క్యాను ఎంత నిండిందో వేలితో చూసుకుంటోంది.

"అక్కా, కళ్ళకేమైంది" అన్నాను.

"నా కళ్ళకేం రోగం. నీ మిషను మసకబారింది, తుడుచుకో" అంది. వెన్నశాతం చూపించే మిషను మీద ఎర్రంకెలు నిప్పుల్లా వెలుగుతున్నాయి.

గట్టిగా నిలదీస్తే చెప్పింది. ఈపూరులో కంటి శిబిరం పెడితే ఎవరికీ తెలియకుండా పోయొచ్చింది. రెండు కళ్ళకూ శుక్లాలు బాగా ముదిరాయి, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను చేసినా చూపు వస్తుందో రాదో అన్నారట. తోడుగా ఒక ఆడమనిషిని తీసుకుని నరసరావుపేట రమ్మన్నారు. తర్వాత నెలపాటు వేళకు మందు చుక్కలు వెయ్యాలి, పొయ్యి దగ్గరికి పోకూడదు, తలకు నీళ్ళు తగలకూడదు.

"మరి అమూల్యకు చెప్పు."

"ఏమని చెప్పను? కళ్ళు యాడ పెట్టుకున్నావంది కదా. ఇదిగో, యాడా పెట్టుకోలా, పోయినయ్ అని చెప్పనా?"

"సుధీర్‌కు చెప్పు పోనీ."

"వాడికి చెబితే వాడు దానికి హుకుం వేస్తాడు. అది చేస్తది. హుకుం మీద చేసే సేవ నాకొద్దురా. దానికి రావాలని ఉంటే రావాలి." గొంతు తగ్గించి, "ఎవరికన్నా చెప్పావంటే నీ కేంద్రానికి పాలు పొయ్యను" అని వెళ్ళిపోయింది. గేటు కోసం గాలిలో చెయ్యి చాపి తడుముకుంటూ పోయింది.

నాకు ఒళ్ళు మండింది. కళ్ళు పోతున్నాయి తల్లీ, పంతమేమిటి నీకు అని అరవాలనిపించింది. ఇటు చూస్తే ఎవరికీ చెప్పొద్దంది. చెబితే పరువు తీసినవాణ్ణి అవుతాను, చెప్పకపోతే కళ్ళు తీసినవాణ్ణి అవుతాను. ఏది తక్కువ పాపమో తేల్చుకోలేక రోజూ పాలు కొలుస్తూ కూర్చున్నాను.

అవతల నుంచి రోజూ వినపడేది. "ఏమే నల్లదానా, ఈ ఇంట్లో దీపాలకు కూడా కరువొచ్చింది. గుడ్డి బల్బు పెట్టి మనుషుల్ని గుడ్డివాళ్ళని చేస్తన్నారు" అని అత్త. "నల్లదానా, బల్బు నిన్ననే కొత్తది వేశానని చెప్పవే. బుడ్డి దీపాల కాలం కాదని చెప్పు" అని కోడలు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు, ఇక్కడ దుత్త దాకా పోనక్కర్లేదు, పాలిచ్చేదే ఎదురుగా ఉంది. తన కంటికి కనపడటం లేదని అత్త చెబుతోంది, కోడలికి నువ్వు సరిగ్గా చెయ్యటం లేదన్నట్టు వినపడుతోంది. మధ్యలో అన్నీ తెలిసిన నేను గోడ ఇవతల పళ్ళు నూరుకుంటున్నాను.

భాద్రపదంలో ముసురు పట్టింది. గిట్టకు చీము పట్టి బర్రె మేత మానేసింది. మధ్యాహ్నం అలివేలమ్మక్క కునుకు తీస్తుండగా సుధీర్ ట్రాలీ ఆటో తెచ్చి, దాన్ని ఎక్కించుకుని ఈపూరు పశువుల ఆసుపత్రికి పోయాడు. సావిడి ఖాళీ అయింది కదా అని అమూల్య పేడ ఎత్తటానికి దిగింది. పైన రేకు కారుతోందని గోనెపట్టాను తల మీంచి వీపు దాకా కొప్పెరలా కప్పుకుని, గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, గుంజ దగ్గర గొంతుక్కూర్చుని పేడ తీస్తోంది. నేను ఇవతల గోడ పక్కన క్యాన్ల మీద టార్పాలిన్ కడుతున్నాను. మా మధ్య గోడ నడుమెత్తు కూడా ఉండదు.

అలివేలమ్మక్క లేచి సావిడిలోకి వచ్చింది. వానకు బర్రె మీద గోనెపట్టా కప్పటం ఆ ఇంట్లో మామూలే. పడుకున్న బర్రె ఆ మాత్రం ఎత్తే ఉంటుంది. ఆమె నేరుగా వచ్చి అమూల్య వీపు మీద చెయ్యి వేసి గోనెను నిమిరింది.

"ఏమే నల్లదానా, తడుస్తన్నావా" అంది.

అమూల్య బిగుసుకుపోయింది. మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. అక్కా, అది బర్రె కాదు అనటానికి నోరు తెరిచాను. అంటే ఆమె గుట్టు నేనే కోడలి ఎదుట బయటపెట్టినట్టు. నోరు మూశాను.

"నువ్వన్నా వినవే" అంది అలివేలమ్మక్క. "నాకు కనపడట్లా. నీ మొహం కూడా ఆనట్లా నాకు. పొద్దున లెగిసి, ఇయ్యాల ఇంకాస్త పోయిందా అని చెయ్యి మొహం ముందు ఆడించుకుంటన్నా. చానా భయంగా ఉంది. చీకట్లో కూర్చుని ఎవరు పెడితే అది తింటా, ఎంతకాలమని బతకను? బియ్యంలో రాయి కూడా కనపళ్ళా నాకు. దాని పన్ను నొచ్చింది పాపం. అది మాట అందని కాదు, అది నిజమే అందని ఏడుపొచ్చింది నాకు."

వాన రేకు మీద పడుతూనే ఉంది. అమూల్య కళ్ళు తుడుచుకోబోయి పేడ చేతులని గుర్తొచ్చి మణికట్టు ఎత్తింది. పైకి తోసుకున్న గాజులు జారి గలగలమన్నాయి.

అలివేలమ్మక్క ఆగింది. నిమిరే చెయ్యి కూడా ఆగింది. అయిపోయింది, ఇక ఈ జన్మలో ఈ ఇద్దరూ కలవరు అనుకున్నాను. ఆమె మళ్ళీ గోనె మీద చెయ్యి నిమిరింది. వానలో వినపడలేదేమో అనుకున్నాను.

"నా కోడలు మంచిది" అంది. ఈసారి మాటలు మెల్లగా, ఒక్కొక్కటే వచ్చాయి. "నాకు అడగటం చేతకాదు. నోరు తెరిస్తే తిట్టే వస్తది, అదేం కర్మో. పేటలో కళ్ళాసుపత్రికి పోవాలి నేను. అది నా పక్కన ఉంటే బాగుండని ఉంది. వేరే ఎవరొద్దు నాకు."

చెయ్యి తీసి, గుంజ తడుముకుంటూ ఇంట్లోకి పోయింది.

అమూల్య పేడ బుట్ట అక్కడే వదిలేసి గోడ దగ్గరికి వచ్చింది. మొహమంతా కన్నీళ్ళు. "బాబాయ్, నీకు ముందే తెలుసా" అంది. తెలుసన్నాను. "చెప్పొద్దూ?" అంది. నా కేంద్రానికి పాలు పొయ్యనందని చెబితే ఎంత చవకగా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

"ఇప్పుడేం చెయ్యను నేను? విన్నానంటే ఆమెకు తల కొట్టేసినట్టవుద్ది. విననట్టుంటే ఆమె కళ్ళు పోతయ్యి."

"పోయి నేరుగా చెప్పు" అన్నాను. ఆ పిల్ల రెండడుగులు వేసింది. "వద్దు, ఆగు" అన్నాను. "సుధీర్‌తో చెప్పించు" అన్నాను, హుకుం మాట గుర్తొచ్చి, "అదీ వద్దు" అన్నాను.

"ఏదో ఒకటి చెప్పు బాబాయ్."

"నాకేం తెలుసే. నా బుర్ర పనిచెయ్యట్లేదు" అని అరిచాను. ఊళ్ళో అందరికీ బుద్ధులు చెప్పే నాకు ఆ రోజు ఒక్క ముక్క తోచలేదు.

ఇంతలో వీధిలో ట్రాలీ ఆటో చప్పుడైంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. బర్రె ఇప్పుడు బండి దిగుతోందని తెలిస్తే, ఇందాక తాను నిమిరింది ఎవరినని అక్క అడగదా? నేను పరిగెత్తుకుంటూ పోయి ఆటో ఆపించాను. "వెనక సందులో నుంచి తోలుకురా, చప్పుడు చెయ్యమాక" అన్నాను. సుధీర్ నన్ను ఎగాదిగా చూశాడు. "నా బర్రెని నేను దొంగతనంగా దించుకోవటమేంది మావా" అన్నాడు. "నోరు మూసుకుని దించు" అన్నాను. గిట్టకు కట్టు కట్టిన బర్రెను ముగ్గురం కలిసి సందులో దించి, దాని మెడలో గంట చేత్తో పట్టుకుని సావిడిలోకి నడిపించాం. పని అయ్యాక సుధీర్, "మీకేమన్నా గాలి సోకిందా" అని అడిగి వెళ్ళి స్నానం చేశాడు.

ఆ తర్వాత అమూల్య మెత్తబడింది. అడక్కముందే వేడినీళ్ళు తోడింది. కూర మెత్తగా వండింది. నడవలో అడ్డమున్న రోలు పక్కకు జరిపింది. బియ్యం తనే ఏరుకుంది. దాంతో అలివేలమ్మక్క ఇంకా కంగారు పడింది. "ఏందే నల్లదానా, ఈ ఇంట్లో మర్యాదలు ఎక్కువైనయ్. నన్నేమన్నా ఎక్కడికన్నా సాగనంపుతన్నారా" అంది. ఆ మాటకు అమూల్య మనసు చివుక్కుమంది. "నల్లదానా, నోరున్న మనిషి అడిగితే..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని ఆగిపోయింది. పాల వేళకు నా దగ్గరికి వచ్చి, "మంచిగా చెబుదామని పోతానా బాబాయ్, ఆమె చేసిన తప్పే ముందొస్తది నోటికి" అని దిగులుపడింది.

"అయితే ఆమె సంగతి వదిలెయ్. నీ సంగతేందో చెప్పు నల్లదానికి" అన్నాను విసుగ్గా. ఏదో నోటికొచ్చింది అన్నానే గాని దాని అర్థమేమిటో నాకే తెలియదు.

మర్నాడు సాయంత్రం వాన వెలిసింది. అలివేలమ్మక్క వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. అమూల్య బర్రెకు జొన్నచొప్ప వేసి, గడ్డి దులుపుకుని, గుంజ పట్టుకుని నిలబడింది. నేను క్యాన్లు కడగటం ఆపాను.

"నల్లదానా" అంది. "నీకొకటి చెప్పుకోవాలి. అన్నం తినేటప్పుడు నేనొక మాటన్నా. కళ్ళ మాట. ఆ మాట నాకు నిద్రలో కూడా వినపడతంది. నాకు సిగ్గుగా ఉంది." ఆగింది. "ఈ ఇంట్లో మాటలు లేకుండా నేనుండలేకపోతన్నా. ఒక్కదాన్నే అయిపోయినట్టుంది. సోమవారం పేటలో కళ్ళాసుపత్రికి పోవాలని ఉంది నాకు. మా అత్త నాతో వస్తే బాగుండు. ఆమె లేకుండా నేను పోయి ఏం చేసుకోను?"

బర్రె చొప్ప నములుతోంది. అమూల్య అట్లాగే నిలబడింది. దున్నపోతు మీద వాన కురిసినట్టేనా ఇది కూడా అనుకున్నాను. పాలు పోసేవాళ్ళు వచ్చారు, పోయారు. దీపాలు పెట్టే వేళైంది. అప్పుడు అలివేలమ్మక్క గొంతు సవరించుకుంది.

"ఏమే నల్లదానా, సోమవారం నాకు ఒంటిపొద్దు. మంగళవారం అసలే వద్దని చెప్పు. బుధవారమైతే వస్తా."

బుధవారం పొద్దున్నే నేనూ బయలుదేరాను. పాల మిషను రిపేరని వంక పెట్టుకున్నాను. సుధీర్ కోత మిషను మీద ఎక్కడో దూరాన ఉన్నాడు, ఈ ఇద్దరినీ ఒంటరిగా పంపటానికి నాకు ధైర్యం చాలలేదు. బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు, నేను ముందు సీట్లో. "నారాయణా, కిటికీ వెయ్యమను, తుంపర కొడతంది" అంది అక్క, కిటికీ పక్కన ఉన్నది అమూల్య అయితే. "బాబాయ్, ఆమెకు ఆకలైతే ఇడ్లీ తెచ్చానని చెప్పు" అంది అమూల్య. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. బర్రె లేని చోట నేను బర్రెనయ్యాను. కండక్టరు మా ముగ్గురినీ చూసి ఏమనుకున్నాడో గానీ, నేను పేట వచ్చేదాకా మెడ తిప్పుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాయి. ముందు ఒక కంటికి ఆ రోజే చేస్తామన్నారు. ఆకుపచ్చ గౌను తొడిగి అలివేలమ్మక్కను లోపలి తలుపు దగ్గరికి నడిపించారు. అక్కడ నర్సు నన్ను ఆపేసింది. "ఆడవాళ్ళ వార్డు. మగవాళ్ళు బయటే" అంది. అమూల్యను చూసి, "మీరు రండి, గీత దాకా" అంది. తలుపుకు లోపల నేల మీద ఎర్రగీత ఉంది, అది దాటి ఎవరినీ రానివ్వరు.

అలివేలమ్మక్క గీత దగ్గర ఆగింది. వెనక్కి తిరిగింది. "నారాయణా" అంది. నేను తలుపు అద్దం ఇవతల ఉన్నాను. పలికాను గానీ ఆమెకు వినపడలేదు. "నారాయణా, దానికి చెప్పు" అంది మళ్ళీ. నర్సు, "పెద్దమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్, ఇక్కడెవరూ లేరు, మీ కోడలే ఉంది" అంది.

ఆమె మొహం చూశాను. దారి తప్పిపోయిన పసిపిల్ల మొహం అది. గోడ వంక తిరిగింది, నర్సు వంక తిరిగింది, ఎటు తిరిగినా చెప్పుకోవటానికి ఏ ప్రాణీ లేదు. చేతులు గాలిలో తడుముకుంటున్నాయి. అమూల్య కదలబోయి ఆగింది. కదిలితే మళ్ళీ ఏం తప్పవుతుందోనని ఆ పిల్ల భయం.

"అమూల్యా" అంది అలివేలమ్మక్క. "భయంగా ఉందే. నా చెయ్యి పట్టుకో."

"పట్టుకున్నా అత్తా" అంది అమూల్య.

నర్సు గీత సంగతి మరిచిపోయింది. ఇద్దరూ కలిసి లోపలికి పోయారు. నేను బయట బల్ల మీద కూర్చుని, పక్కనున్న మనిషెవరో ఏమైందండీ అంటున్నా వినకుండా, కండువా మొహం మీద వేసుకుని ఏడ్చాను.

దీపావళి ముందు రెండో కన్ను కూడా అయింది. నెలంతా అమూల్య వేళ తప్పకుండా చుక్కలు వేసింది. నల్లద్దాలు పెట్టుకుని అలివేలమ్మక్క వరండాలో దొరసానిలా కూర్చుంది. అద్దాలు తీసేశాక మొదటిసారి పాలు తెచ్చింది. మిషను మీద అంకె తనే చదివి, "ఏందిరా, ఇంతేనా, మా నల్లదాని పాలకు ఇంతే వెన్న వచ్చిందా" అని గదమాయించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎవరూ లేరు కదా అని మెల్లగా అడిగాను. "అక్కా, ఆ రోజు వానలో నువ్వు మాట్లాడింది బర్రెతోనే కదా?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళకు కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసింది. "బర్రెకు గాజులుంటయ్యా నారాయణా" అంది.

చేతిలో కొలపాత్ర పక్కన పెట్టాను. "మరి తెలిసీ..."

"గాజులు మోగిందాకా తెలవదు. మోగినాక తెలిసింది. లోపలికి పారిపోదామనుకున్నా. అప్పుడు పారిపోతే మళ్ళీ ఎప్పటికి చెబుతాను రా? మిగతాది దానికే చెప్పా." పవిట సర్దుకుని క్యాను తీసుకుంది. "దానికి చెప్పమాక. నాకు తెలవదనే అనుకుంటంది పిచ్చిది. చెప్పావంటే నీ కేంద్రానికి పాలు పొయ్యను."

ఆమె పోయాక నాకు తల తిరిగింది. తాను విన్నానని అత్తకు చెప్పొద్దని కోడలు ఆ రోజే గోడ దగ్గర నా చేత ఒట్టు వేయించుకుంది. తెలుసని కోడలికి చెప్పొద్దని అత్త ఇప్పుడు బెదిరించి పోయింది. మరి ఆ రోజు చడీచప్పుడు లేకుండా మేం సందులో బర్రెను దించింది ఎవరి కోసం? సుధీర్‌కు ఇప్పటికీ ఆ సంగతి అర్థం కాలేదు, నాకు అర్థమయ్యేసరికి ఇంతకాలం పట్టింది. ఎవరికి ఏం తెలుసో లెక్క వేసుకుంటూ ఒకరి పాలల్లో ఇంకొకరి పాలు కలిపేసి మళ్ళీ తిట్లు తిన్నాను.

గోడ అవతల నుంచి మాటలు వినపడుతున్నాయి.

"అమూల్యా, కాఫీ తాగాలని ఉందే."

"పెడతన్నా అత్తా. కాసేపు నా దగ్గర కూర్చో, పొద్దుట్నుంచి నాకేం తోచట్లా."

సావిడిలో బర్రె అలవాటు కొద్దీ తననే అంటున్నారనుకుని తల ఎత్తింది. కొంచెంసేపు చూసింది. తనను కాదని తెలిసి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది.